బ్యాండు మాస్టరు చిగుళ్లు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, నెల్లూరు జిల్లా తీరంలో అల్లూరు వైపున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ మీద వెళ్లాను. ఊరి పేరు చెప్పను. ఇందులో నా పొరపాటు ఒకటి ఉంది, దాన్ని ఆ ఊరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. నా హోదా డెంటల్ అసిస్టెంట్ సర్జన్. ఆ మాట విని, పైన ఎవరో పెద్ద సర్జను ఉన్నాడని, నేను ఆయనకు పనిముట్లు అందిస్తుంటానని మా చుట్టాలు చాలాకాలం అనుకున్నారు. నిజానికి దంత విభాగంలో పైనా కిందా నేనే. నాకు తోడు స్టాఫ్ నర్సు రూతమ్మ. ఒక పళ్ల కుర్చీ, గార తీసే స్కేలర్ యంత్రం, పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవు, కిటికీ అవతల రొయ్యల గుంటల్లో రోజంతా తిరిగే ఏరేటర్ల చప్పుడు. అంతే నా సామ్రాజ్యం.

ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఓపీ చూసేదాన్ని. వచ్చినవాళ్లలో చాలామంది కుర్చీ ఎక్కకముందే తీర్పు చెప్పేసేవాళ్లు. "పీకెయ్యండి మేడం, పీడా వదిలిపోతాది" అనేవాళ్లు. పుచ్చు లేని పన్ను కూడా చిగురు జబ్బుతో ఊడిపోతుందని చెబితే నా వైపు అనుమానంగా చూసేవాళ్లు. పళ్ల మీద రోజూ పట్టే మెత్తని పొరను పాచి అంటాం. దాన్ని తోమి తీసేయకపోతే కొన్ని రోజులకు గట్టిపడి గారవుతుంది. ఆ గార చిగురు కిందికి దిగి, పన్నును పట్టుకుని ఉండే ఎముకను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. నొప్పి ఉండదు. నొప్పి లేనిది జబ్బే కాదని మనవాళ్ల నమ్మకం. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని రోజుకొకరినైనా దులిపేదాన్ని. రూతమ్మది ఆ పక్క ఊరే. నేను దులిపినవాళ్లను ఆమె వరండాలో కూర్చోబెట్టి, నేను చెప్పిందే మళ్లీ నెమ్మదిగా చెప్పి పంపేది.

నేను చేరిన పది రోజులకు మస్తాన్ వచ్చాడు. నలభై అయిదు దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో నల్ల పెట్టె. చుట్టుపక్కల మండలాల్లో పెళ్లి ఊరేగింపంటే అతని బ్యాండే రావాలని రూతమ్మ చెప్పింది. పన్నెండు మంది జట్టుకు ముందు నిలబడి క్లారినెట్ ఊదేది అతను కాబట్టి అందరూ మాస్టరని పిలిచేవాళ్లు. ఆయన అడిగింది చిన్న పని.

"పై స్వరం నిలవడంలేదు మేడం. ముందు పన్ను ఆడతా ఉండాది. సిమెంటు పెట్టి బిగించండి, అంతే. మళ్లా మీ జోలికి రాను."

క్లారినెట్‌కు పళ్లతో అంత పని ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కింది పెదవిని కింది పళ్ల మీదికి మడిచి, దాని మీద రీడును ఆనించాలి. రీడంటే పలుచగా చెక్కిన బద్ద. పై ముందుపళ్లు రెండూ నేరుగా మౌత్‌పీసు మీద కూర్చోవాలి. అవి కదిలితే స్వరం కదులుతుంది. ఇది చెబుతూ మస్తాన్ తన తండ్రి సంగతి కూడా చెప్పాడు. ఆయనా క్లారినెట్ మాస్టరే. యాభై నిండేసరికి ముందుపళ్లు పోయాయి. కట్టుడు పళ్లతో ఊదలేక, చివరి ఏడేళ్లు అదే జట్టులో వెనక నడుస్తూ పెద్ద డ్రమ్ము మోశాడు. "ఊదేవాడికి పళ్లు పోవడం మా పనిలో మామూలే మేడం. కానీ నాకింకా యాభై రాలా" అన్నాడు. మిగతాదంతా నవ్వుతూ చెప్పినవాడు ఆ ఒక్క మాట మాత్రం నేల చూస్తూ అన్నాడు.

కుర్చీలో పడుకోబెట్టి ప్రోబు తీసుకున్నాను. అది మొన మొద్దుగా ఉండే సన్నని కడ్డీ, మిల్లీమీటర్ల గీతలు ఉంటాయి. చిగురుకూ పంటికీ మధ్య ఎంత లోతు దిగుతుందో దాంతో కొలుస్తాం. మూడు దాకా ఆరోగ్యం. మస్తాన్‌కు ఎడమ పై ముందుపంటి దగ్గర ఆరు దాటింది. పన్ను గ్రేడ్ టూ కదలికలో ఉంది, అంటే పక్కకు నొక్కితే ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువే జరుగుతోంది. అయితే నన్ను తికమక పెట్టింది వేరే విషయం. అంత జబ్బున్న చిగురుకు ప్రోబు తగిలితే నెత్తురు చిమ్మాలి. ఇతని చిగుళ్లు బూడిదరంగులో, గట్టిగా, పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క రాలేదు.

రూతమ్మ అద్దంతో కింది పెదవిని పక్కకు లాగి చూసి, తాపీగా, "డబ్బీ యాడ పెట్టినావన్నా?" అంది.

మస్తాన్ సిగ్గుపడుతూ చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీశాడు. నశ్యం. అందులో కాల్చిన పటిక పొడి కలిపి ఉంది. అది ఆ జట్టు ఆచారమట. ఊరేగింపు కదిలేముందు మాస్టరు వేలితో ఆ పొడి తీసుకుని ముందు తన చిగుళ్లకు రుద్దుకుని, తరువాత డబ్బీని వరసగా అందరికీ తిప్పుతాడు. తాతల కాలం నుంచి అంతే. చిగుళ్లు గట్టిపడతాయి, ఊదేటప్పుడు నెత్తురు రాదు. మస్తాన్ రోజూ పొద్దున పళ్లు తోముకునేది కూడా దాంతోనే, వేలితోనే. రాత్రి తోమడమనే మాటే లేదు. పెళ్లివారి భోజనాలయ్యాక వీళ్ల బంతి, తిన్నాక వ్యాన్‌లోనే నిద్ర.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. పొగాకు చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేట్టు చేస్తుంది, పటిక పైచర్మాన్ని బిగిస్తుంది. నెత్తురు ఆగుతుంది, జబ్బు ఆగదు. నెత్తురు రావడమనేది చిగురు మనల్ని పిలవడం, వీళ్లు మూడు తరాలుగా దాని నోరు మూసేస్తున్నారు. ఇదంతా చెప్పాను. మస్తాన్ మర్యాదగా విన్నాడు, నమ్మలేదు. నెత్తురు లేని చిగురుకు జబ్బేమిటని అతని వాదన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది, అదీ ఊదడమే వృత్తిగా ఉన్నవాడి ముందు.

పెట్టె తెరవమన్నాను. మౌత్‌పీసు తీసి కిటికీ వెలుగులో చూశాను. గట్టి నల్ల రబ్బరుతో చేసింది, ఏళ్ల తరబడి పళ్లు ఆని రెండు గుంటలు పడ్డాయి. కుడిపంటిది ఒక్కటే గుంట. ఎడమపంటి గుంట పక్కనే కొత్తగా ఇంకో చిన్న గుంట ఉంది. మస్తాన్‌ను మౌత్‌పీసు నోట పెట్టుకోమన్నాను. పన్ను పాత గుంటలో కూర్చోలేదు, కొత్తదాంట్లో కూర్చుంది. అది తన చోటు వదిలి పక్కకు జరిగిందన్నమాట. మస్తాన్ మౌత్‌పీసును చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇది ఎప్పుడు పడిందో నాకే తెలియలేదే" అన్నాడు. ఆ తరువాత వాదించలేదు.

రెండు విడతల్లో పైవరసకు, కిందివరసకు స్కేలింగ్ చేశాను. నశ్యం మానేయాలన్నాను. మెత్తని బ్రష్షుతో, పేస్టుతో పొద్దునా రాత్రీ తోమాలన్నాను. బ్రష్షు కుచ్చును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్నగా కదిలించాలి, నేల తుడిచినట్టు అడ్డంగా గీరకూడదు. పళ్ల సందుల్లోకి సన్నని సందు బ్రష్షు పోనివ్వాలి. కుచ్చు వంగిపోతే బ్రష్షు మార్చాలి. అన్నీ చెప్పాను. చెప్పడం బాగా వచ్చినందుకు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు.

ఎనిమిదో రోజు పొద్దున ఓపీ చీటీ కూడా రాయించుకోకుండా మస్తాన్ నేరుగా గదిలోకి వచ్చాడు. ముందురోజు కృష్ణపట్నం దారిలో ఒక ఊళ్లో పెళ్లి, జ్యేష్ఠమాసం ఆఖరి ముహూర్తం. ఊరేగింపు సగంలో ఉండగా నోట్లో ఉప్పగా తగిలిందట. రీడు ఎర్రబడింది. బ్యాండు తెల్లకోటు మీద రెండు చుక్కలు పడ్డాయి. పెళ్లికూతురి పెదనాన్న చూసి, శుభమా అని పెళ్లి జరుగుతుంటే నెత్తురేందని, ఈయన్ను వెనక్కి పొమ్మన్నాడు. రెండో క్లారినెట్ ఊదే బావమరిది ముందుకొచ్చాడు. మస్తాన్ మిగతా దారంతా డ్రమ్ముల పక్కన ఖాళీ చేతులతో నడిచాడు.

"ముప్పయ్యేళ్లుగా ఊదతా ఉండా. నెత్తురనేది చూసినోణ్ణి కాను. మీ మాట విని డబ్బీ పక్కన పెట్టినా, వారం తిరక్కుండా నన్ను వెనక నిలబెట్టినారు. రాత్రి ఇంటికి పోయి పొడి పెట్టుకున్నా, ఇదో, ఆగిపోయింది. చూడండి." పెదవి ఎత్తి చూపించాడు. నిజంగానే ఆగిపోయింది.

అంత చెప్పినా మళ్లీ ఆ పొడే పెట్టావా అని, పళ్లు నావా నీవా అని గొంతు పెంచాను. ఆయనా పెంచాడు. వరండాలో జనం లోపలికి తొంగి చూడసాగారు. రూతమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు అంది: "మేడం, నెత్తురొస్తాదని మనం ఆయనకు చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు. పొడి మానేయగానే ముడుచుకున్న నాళాలు తెరుచుకుంటాయి. అంతకాలం దాగిన వాపు బయటపడుతుంది. కొత్తగా బ్రష్షు తగిలే చిగురు మొదటి వారం పదిరోజులు నెత్తురు కారుస్తుంది, పాచి పోయేకొద్దీ తగ్గుతుంది. మాకు ఇది మొదటి పాఠంలో ఉంటుంది. మాకు తెలుసు కాబట్టి రోగికీ తెలిసినట్టే అనుకున్నాను. నా మీద నాకు చెడ్డ కోపం వచ్చింది. ఒక మనిషిని అతని వృత్తిలో నలుగురి ముందు తలదించుకునేట్టు చేసింది జబ్బు కాదు, నా నిర్లక్ష్యం. ఆ మాట మస్తాన్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదని ఒక డాక్టరు అనడం ఆయన ఎప్పుడూ వినలేదేమో, కోపాన్ని ఏం చేయాలో తోచక కుర్చీలో కూర్చుండిపోయాడు.

బేరం కుదిర్చింది పంచాంగం. జ్యేష్ఠం ముగిసిపోయింది, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణం మొదటి ముహూర్తం దాకా మస్తాన్ ఎవరి ముందూ ఊదక్కర్లేదు. నెత్తురు వచ్చినా చూసేవాళ్లు లేరు. ఆ నెల నాకిమ్మన్నాను. రోజు మార్చి రోజు పొద్దున్నే వచ్చి మా ఎదుట తోముకోవాలి, డబ్బీ మాత్రం రూతమ్మ దగ్గర ఉండాలి. శ్రావణం నాటికి నెత్తురు ఆగకపోతే డబ్బీ తీసుకుని వెళ్లిపోవచ్చు, నేను మళ్లీ దాని పేరెత్తను. మస్తాన్ జేబులోంచి డబ్బీ తీశాడు. "ఆగకపోతే మా నాయన డ్రమ్ము ఇంట్లోనే ఉండాది లెండి" అని డబ్బీ బల్ల మీద పెట్టాడు.

మొదటి రోజు ముందుపళ్లు పన్నెండింటి చుట్టూ, పంటికి ఆరు చోట్ల ప్రోబుతో తాకి, నెత్తురు వచ్చిన చోట్లు కేసు షీటులో ఎర్ర చుక్కలుగా గుర్తు పెట్టాను. పందొమ్మిది వచ్చాయి. అయిదో రోజుకు నలభై దాటాయి. ఈసారి ముందే చెప్పాను కాబట్టి మస్తాన్ కుర్చీ దిగి పారిపోలేదు. కానీ తోముకునేటప్పుడు నెత్తురు వచ్చే ఎడమపంటిని వదిలేసి, చుట్టూ తిరిగి వచ్చేవాడు. అందరూ చేసే తప్పు అదే. పుండు మీద చేయి పడకూడదనుకుంటారు, అక్కడ పాచి మరింత పేరుకుంటుంది. రూతమ్మ అద్దం పట్టుకుని, "దాన్ని మాత్రం కొత్తల్లుడి మాదిరి చూసుకుంటా ఉండావే అన్నా, అలుగుతాదనా?" అనేది. నెత్తురు వచ్చే చోటే ముందు తోమాలని, అక్కడే ఎక్కువసేపు ఉండాలని నేను చెప్పేదాన్ని.

మధ్యలో ఒకరోజు మస్తాన్ భార్య ఖాదర్‌బీ ఒంటరిగా వచ్చింది. నశ్యం మానినప్పటి నుంచి ఆయనకు తలనొప్పి, చిరాకు, ఇంట్లో పిల్లి మ్యావన్నా అరుస్తున్నాడట. "ఆ డబ్బీ ఆయన మొహాన కొట్టండి మేడం, ఏగలేకపోతా ఉండాం" అంది. పొగాకు మానినవాళ్లకు కొన్ని వారాలు అలాగే ఉంటుందని, సోంపో లవంగమో నోట్లో వేసుకోమని, తల భారంగా ఉన్నప్పుడు కాస్త నడిచి రమ్మని చెప్పాను. ఆమె కేసు షీటు చూపించమంది. ఎర్ర చుక్కలు నలభై నుంచి ఇరవై ఎనిమిదికి దిగిన రోజు అది. వేలితో రెండు కాగితాలూ పోల్చి చూసి, "పోనీ, ఇంకో రెండు వారాలు అరవనీండి" అని వెళ్లిపోయింది.

మూడో వారానికి పదకొండు, ఆషాఢం చివరికి నాలుగు. చిగుళ్ల బూడిదరంగు పోయి లేతరంగు తిరిగింది. ఆరు మిల్లీమీటర్ల లోతు నాలుగుకు తగ్గింది. కరిగిన ఎముక మాత్రం తిరిగి రాదు, అది మస్తాన్‌కు దాచకుండా చెప్పాను. నెల్లూరులో నాకు తెలిసిన చిగుళ్ల వైద్యుడి దగ్గరికి పంపితే, ఆయన ఆ కదిలే పన్నును లోపలివైపు నుంచి సన్నని తీగతో పక్కపళ్లకు కలిపి కట్టాడు. దీన్ని స్ప్లింట్ అంటాం. మస్తాన్ మొదట అడిగిన బిగింపు ఇదే. చిగురు బాగుపడకముందు బిగిస్తే పక్కపళ్లను కూడా అది లాక్కుపోయేది.

శ్రావణం మొదటి ముహూర్తం అల్లూరులోనే వచ్చింది. నేను వెళ్లలేదు. మర్నాడు పొద్దున ఓపీ మొదలుకాకముందే మస్తాన్ వచ్చి, పెట్టె తెరిచి రీడు తీసి నా బల్ల మీద పెట్టాడు. రెండున్నర గంటలు ఊదిన రీడు, అంచు దాకా తెల్లగా ఉంది. "పెళ్లికూతురి ఇంటిదాకా నేనే ముందు నడిచినా మేడం. పై స్వరం ఒక్కసారి కూడా జారలా" అన్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. రూతమ్మ రీడును వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, పాసయినావు పో అంది. వ్యాన్‌లో ఒక నీళ్ల బాటిలు, బ్రష్షులు పెట్టుకున్నామని, పెళ్లి భోజనం తరువాత రోడ్డు పక్కన దిగి తోముకునే పడుకుంటున్నామని కూడా మస్తాన్ చెప్పాడు. తోముకుంటున్నామన్నాడే గానీ, అప్పటికి తోముకుంటున్నది అతనొక్కడే.

మిగతావాళ్లను ఆ నెలలోనే, ముహూర్తం లేని ఒక బుధవారం తీసుకొచ్చాడు. పదకొండు మంది వరసగా బెంచీల మీద కూర్చున్నారు. బావమరిది కూడా ఉన్నాడు. అందరి చేతుల్లో కొత్త బ్రష్షులు. నేను చేతులు కడుక్కుని, ఈసారి తప్పకుండా ముందు చెప్పాల్సిన మాటను మనసులో కూర్చుకుంటూ వరండాలోకి వచ్చేసరికి మస్తాన్ వాళ్ల ముందు నిలబడి మాట్లాడుతున్నాడు.

"మొదటి వారం నెత్తురొస్తాది. భయపడబాకండి. వచ్చిన చోటే తోమండి. భయపడి పొడి పెట్టినారంటే నెత్తురు ఆగిపోతాది, పన్ను ఊడిపోతాది."

నేను చదివిన చదువులో ఆ విషయాన్ని అంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు, మొదటివాణ్ణి కుర్చీ ఎక్కించాను.

ఆ తరువాతి సర్వీసంతా ఏ చిగురుకు పనిముట్టు తాకించాలన్నా, నెత్తురు ఎన్ని రోజులు వస్తుందో ముందు రోగికి చెప్పి, చెప్పినట్టు కేసు షీటులో రాసి, ఆ తరువాతే మొదలుపెట్టాను. చికిత్స వల్ల మొదట కనిపించే చెడు ఏమిటో రోగికి ముందుగా తెలియాలి. అదే మాట తరువాత చెబితే సంజాయిషీ అవుతుంది, దాన్ని ఎవరూ నమ్మరు.